రెండు నుడులు, నాలుగున్నరేళ్ళు

భాషాహక్కుల వాదనలో ఇంతవరకూ మనకు ఇద్దరే సాక్షులు. ఒకటి మనసు, రెండోది చట్టం. అమ్మ నోట విన్న నుడి కనుక అది మాకు కావాలంటాము. రాజ్యాంగంలో రాసివున్నది కనుక ఇచ్చి తీరాలంటాము. మొదటి సాక్షిని పాలకులు భావావేశమని తోసిపుచ్చుతారు. రెండో సాక్షిని 'వీలైనంతవరకు' అనే మాట చాటున కూర్చోబెడతారు. ఇప్పుడు మూడో సాక్షి బోనెక్కాడు. అతడు వైద్యశాస్త్రం. ఆ సాక్ష్యం పుట్టింది పరాయి దేశపు ప్రయోగశాలలో కాదు; హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, మతిమరుపు ముసురుకొన్న మన పెద్దవాళ్ళ నోటి మాటల్లో.

ఆ సాక్ష్యాన్ని కూడగట్టిన వైద్యురాలు డాక్టర్ అల్లాడి సువర్ణ. మెదడు ఎలా తలుస్తుంది, ఎలా పలుకుతుంది, ఎలా గుర్తుంచుకొంటుంది అన్నది విచారించే సంజ్ఞాన నాడీశాస్త్రం ఆమె రంగం. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో చాలా ఏళ్ళు పనిచేసి, తరువాత బెంగళూరు నిమ్‌హాన్స్‌లో నరాల వైద్య ఆచార్యులయ్యారు. ఆమె పరిశోధన యానాం నుంచి హోసూరు దాకా, బళ్ళారి నుంచి పర్లాకిమిడి దాకా సరిహద్దుల్లో బతుకుతున్న ప్రతి తెలుగు ఇంటికీ సంబంధించినది. కనుకనే ఈ నెల సంపాదకీయాన్ని దానికి కేటాయిస్తున్నాము.

ఆమె తొలినాటి పని కొంత ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఆచార్య జాన్ హాడ్జెస్ బృందంతో సాగింది. అల్జీమర్స్ వ్యాధి ఎప్పుడూ జ్ఞాపకశక్తి నుంచే మొదలుకాదనీ, కొందరిలో ముందు మాట తడబడుతుందనీ, కొందరిలో కన్ను చూసినదాన్ని మెదడు పోల్చుకోలేకపోతుందనీ వివరించిన వ్యాసం 2007లో 'బ్రెయిన్' పత్రికలో వెలువడింది. దానికి ఆమె ప్రధాన రచయిత. జబ్బు ఏదో తెలియాలంటే రోగి మాటను జాగ్రత్తగా వినాలన్నది ఆ పని నేర్పే పాఠం. మాటను వినాలంటే రోగి మాట్లాడే భాషలోనే వినాలి. హైదరాబాదులో ఆమె చేసిన పనికంతటికీ ఇదే పునాది.

నిజాం సంస్థలోని మతిమరుపు వైద్యశాలకు వచ్చేవారు ఎవరు? తెలుగు మాట్లాడేవారు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు, రెండూ మాట్లాడేవారు, వాటికి తోడు హిందీయో ఇంగ్లీషో వచ్చినవారు. వారిలో బడిమెట్లు ఎక్కనివారూ ఉన్నారు. వారిని పరీక్షించడానికి చేతిలో ఉన్న సాధనాలో, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇంగ్లీషువారికోసం తయారైనవి. ఒక పరీక్ష ఇంగ్లీషు మాట ఒకదాన్ని చివరినుంచి మొదటికి అక్షరాలు చెప్పమంటుంది. మరొకటి, రాసే తీరు ఒకటీ పలికే తీరు మరొకటీ అయిన ఇంగ్లీషు మాటలను చదవమంటుంది. రాసినట్టే పలికే తెలుగులో ఆ ప్రశ్నకు అర్థమే లేదు. పెంగ్విన్‌ను, ఓడ లంగరును, పాశ్చాత్య తంత్రీవాద్యాన్ని బొమ్మలో చూపి పేరు చెప్పమంటే, పొలంలో బతుకు గడిపిన అవ్వ ఏం చెబుతుంది? ఆమె తప్పినది ప్రశ్నను. మనం మాత్రం ఆమె మతి తప్పిందని రాస్తాము.

ఒక పరీక్షను తెలుగు చేయడమంటే మాటకు మాట పెట్టడం కాదన్నమాట. ఆ ప్రశ్న మెదడులో ఏ శక్తిని కొలుస్తున్నదో గ్రహించి, అదే శక్తిని కొలిచే మన ప్రశ్నను కట్టాలి. కేంబ్రిడ్జిలో రూపొందిన అడెన్‌బ్రూక్స్ పరీక్షను సువర్ణ బృందం ఇక్కడి భాషలకు అనువుగా మలుచుకొని వాడింది. తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం అనే 5 భాషల్లో సమానంగా పనిచేసే పరీక్షల సంపుటి తయారైంది. ఆ కృషిలోనూ ఆమె ముఖ్య భాగస్వామి. పత్రికల పతాక శీర్షికలకు ఎక్కిన ఫలితాలకన్న ఇది తక్కువ పని కాదు. కొలబద్ద సరిగా లేనిచోట కొలతకు విలువ లేదు.

ఇక ఆ ఫలితాల సంగతి. 2006 జూన్ నుంచి 2012 అక్టోబరు వరకు ఆ వైద్యశాలలో డిమెన్షియాగా నిర్ధారణ అయిన 648 మంది వివరాలను సువర్ణ బృందం పరిశీలించింది. వారిలో 391 మంది రెండు గాని అంతకుమించి గాని భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్ళ వయసులో మొదలైతే, రెండు భాషలవారిలో 65.6 ఏళ్ళకు మొదలైనాయి. తేడా నాలుగున్నర ఏళ్ళు. అల్జీమర్స్‌లోనూ, రక్తనాళాల లోపంవల్ల వచ్చే మతిమరుపులోనూ, మెదడు ముందు భాగాన్ని తినివేసే రకంలోనూ ఈ తేడా కనబడింది. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో అచ్చయిన ఈ వ్యాసంలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, సంజ్ఞాన శాస్త్రవేత్త సూరంపూడి బాపిరాజు, నరాల వైద్యులు సుభాష్ కౌల్ మొదలైనవారు సహరచయితలు. వైద్యుడు, భాషావేత్త, గణనశాస్త్రవేత్త ఒకచోట కూర్చుంటే తప్ప ఇటువంటి పని జరగదు.

ఈ మాట అంతకుముందు ఎవరూ అనలేదా? అన్నారు. కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 2007లో 184 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలవారిలో జబ్బు సుమారు 4 ఏళ్ళు ఆలస్యంగా బయటపడుతున్నదని చెప్పింది. దానికి వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది. టొరంటోలో రెండు భాషలవారు ఎక్కువగా వలస వచ్చినవారు. వలసపోయేవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులై ఉండవచ్చు, వారి తిండీ బతుకూ వేరై ఉండవచ్చు. ఆలస్యానికి కారణం భాష కాకపోవచ్చు. చదువు విషయంలోనూ ఇటువంటి సందేహమే వచ్చింది. రెండు భాషలు వచ్చినవాడు సాధారణంగా ఎక్కువ చదివినవాడు కదా, మేలు చదువుది కాదా అన్నారు.

ఈ రెండు అభ్యంతరాలకూ జవాబు దొరకగల ఊరు హైదరాబాదు. అక్కడ రెండు భాషలు మాట్లాడేవాడు పరాయివాడు కాదు, తరాలుగా ఆ వీధివాడే. అతనికి రెండో భాషను నేర్పింది బడి కాదు. బజారు, ఇరుగుపొరుగు, పనిచేసే చోటు. పరిశీలనకు వచ్చినవారిలో చదువురానివారిని విడిగా తీసి చూస్తే, వారిలో తేడా సుమారు 6 ఏళ్ళుగా తేలింది. సంతకం చేయడం రాకపోయినా రెండు నుడుల్లో బేరమాడగల మనిషికి ఆ రెండో నుడే అండగా నిలిచిందన్నమాట. చదువురాని బహుభాషితను ఇంత స్పష్టంగా లెక్కలోకి తెచ్చిన ఈ అధ్యయనం ప్రపంచ చర్చనే మలుపు తిప్పింది. ధనిక దేశాల వలసవాదుల సంగతిగా ఉన్న ప్రశ్న మనవంటి సహజ బహుభాషా సమాజాల ప్రశ్న అయింది.

దీనికి కారణం ఏమిటని శాస్త్రజ్ఞులు అనుకొంటున్నారు? రెండు భాషలు వచ్చినవాడు ఒకదానిలో మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. అదీ నోటిదాకా వస్తుంది. దాన్ని అదుపులో పెట్టి, ఎదుటి మనిషినిబట్టి తగిన మాటను ఎంచుకోవడం మెదడుకు రోజంతా జరిగే సాము. ఆ సాముతో మెదడు కొంత శక్తిని కూడబెట్టుకొంటుంది. జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతున్నా, ఆ నిలవ ఉన్నంతకాలం మనిషి తన పనులు తాను చేసుకోగలుగుతాడు. కరువునాటికి గాదెలో గింజలున్న ఇల్లు కొన్నాళ్ళు ఎక్కువ నిలబడినట్టే.

ఆమె బృందం అక్కడితో ఆగలేదు. పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో 'స్ట్రోక్' పత్రికలో ప్రకటించిన ఫలితం ఇది: దెబ్బ తరువాత కూడా ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో 40.5 శాతం ఉండగా, ఒకే భాషవారిలో 19.6 శాతమే. అయితే మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ తేడా కనబడలేదు. మెదడు ముందు భాగపు జబ్బులపై 2017లో వచ్చిన అధ్యయనంలో నడవడి మారిపోయే రకం రెండు భాషలవారిలో ఆలస్యంగా వచ్చింది. మాట పోయే రకాల్లో ఆ ఆలస్యం లేదు. అనుకూలంగా రానిదాన్ని కూడా దాచకుండా అచ్చువేయడం ఈ పరిశోధనకు గౌరవం తెచ్చిన గుణం. ఆసుపత్రి గడప దాటి, బెంగళూరు నగరంలో 60 ఏళ్ళు పైబడిన 1,234 మందిని పరిశీలించిన అధ్యయనం 2024లో వెలువడింది. అందులో డిమెన్షియా ఒకే భాషవారిలో 4.9 శాతంగా, రెండు భాషలవారిలో 0.4 శాతంగా కనబడింది.

న్యాయస్థానంలో సాక్షిని నిలబెట్టినవాడు ఎదురు ప్రశ్నలకూ సిద్ధపడాలి. ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. న్యూయార్కులో స్పానిష్ మాట్లాడే వలస కుటుంబాల పెద్దవారిని ఏళ్ళ తరబడి వెన్నంటి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. ఇంగ్లీషు కూడా వచ్చినంతమాత్రాన వారిలో జబ్బు తగ్గినట్టు అది కనుగొనలేదు. ఆసుపత్రికి వచ్చినవారి వివరాలను వెనుదిరిగి చూసే అధ్యయనాల్లో తేడా కనబడటం, ముందునుంచీ వెంట నడిచి చూసే అధ్యయనాల్లో అది స్పష్టంగా తేలకపోవడం విమర్శకులు ఎత్తిచూపే లోపం. ఎప్పుడు మొదలైందన్నది ఇంటివారి జ్ఞాపకంమీద ఆధారపడిన విషయం కూడా. కనుక రెండు భాషలు వస్తే మతిమరుపు రాదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. హైదరాబాదు అధ్యయనం అలా చెప్పలేదు. ఆలస్యంగా వస్తుందన్న వాదనకు బలమైన ఆధారం చూపింది, అంతే.

మన ఉద్యమంవారు మరో రెండు సంగతులు కూడా నిజాయితీగా గ్రహించాలి. మొదటిది, ఈ పరిశోధన తెలుగు గొప్పదని చెప్పలేదు. రెండు భాషల వాడుక మేలని చెప్పింది. పక్కవాడి భాషను ద్వేషించేవారికి ఇందులో ఆయుధం దొరకదు. రెండోది, రెండుకు మించి భాషలు వస్తే అదనపు మేలు ఉన్నట్టు 2013 అధ్యయనంలో తేలలేదు. మూడో నాలుగో భాషను నేర్చుకోవడానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఈ లెక్కతో ముడిపెట్టనక్కరలేదు.

ఇప్పుడు యానాం వైపు చూద్దాము. గోదావరి ఒడ్డున, చుట్టూ ఆంధ్రదేశం ఉండగా, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచి పాలన అందుకొనే ఊరు ఇది. 1954లో ఫ్రెంచి ఏలుబడి చేతులు మారి, 1962లో చట్టబద్ధంగా ముగిసింది. 2011 జనగణన నాటికి 55,626 మంది జనాభా. ఇక్కడ ఇంటింటా తెలుగే. మొత్తం కేంద్రపాలిత ప్రాంతంలో మాత్రం తెలుగువారు కొద్దిమంది. పుదుచ్చేరి అధికార భాషా చట్టం 1965లో వచ్చినప్పుడు తమిళాన్ని ముందు నిలిపి, యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని వాడుకొనే వీలు కల్పించింది. వీలు ఉండటం వేరు, వాడుకలో ఉండటం వేరు.

యానాంలో బిడ్డను బడికి పంపే తల్లిదండ్రుల నోట తరచు వినబడే మాట ఒకటుంది. 'ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, పుదుచ్చేరిలో పని పడితే తమిళం. చిన్న బుర్రకు ఇంత బరువా? తెలుగు ఎలాగూ వస్తుంది, వదిలేద్దాం.' ఈ భయం హోసూరులోనూ బళ్ళారిలోనూ ఉంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత అది మరింత పెరిగింది. వారికి మనం ఇవ్వగల జవాబు ఇప్పుడు ఉపన్యాసం కాదు, ఆధారం. రెండు భాషలు బరువు కావు; అవి మెదడుకు కసరత్తు. మన పొరుగున ఒడిశాలో, ఫూల్బణీ ప్రాంతపు కోందు పిల్లలపై మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మహంతి చేసిన అధ్యయనాలు కూడా ఈ మాటే చెప్పాయి. తమ కుయి నుడిని నిలుపుకొంటూ ఒడియా నేర్చిన పిల్లలు, కుయిని పోగొట్టుకొని ఒడియా ఒక్కటే మిగుల్చుకొన్న పిల్లలకన్న మానసిక పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. ఒక నుడిని తీసివేసి మరొకటి పెడితే లెక్క ఒకటే. ఉన్నదాన్ని ఉంచి మరొకటి చేర్చితేనే అది రెండవుతుంది. ఎలాగూ వస్తుందని వదిలేసిన తెలుగు ఒక తరంలో వంటింటి నాలుగు మాటలకు కుదించుకుపోతుంది. ఆ పైతరంలో అవీ ఉండవు.

పిల్లల సంగతి ఇట్లా ఉండగా, పెద్దవారి సంగతి అంతకన్న అత్యవసరం. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియాతో ఉన్నారు. మన ఇళ్ళలో దీన్ని ఇప్పటికీ చాదస్తమనీ, ముసలితనమనీ అనుకొని ఊరుకొంటాము. ఎవరో ఒకరు ఆసుపత్రికి తీసుకుపోతే, పరీక్ష ఏ భాషలో జరుగుతుందన్నది ఎవరూ అడగరు. సరిహద్దు జిల్లాల్లో వైద్యుడు తమిళుడో, కన్నడిగుడో, ఒడియావాడో కావచ్చు. తనకు సగమే తెలిసిన భాషలో అడిగిన ప్రశ్నకు తడబడిన పెద్దాయనకు లేని జబ్బు అంటగట్టవచ్చు. ఉన్న జబ్బును 'భాష తెలియక తడబడ్డాడు' అని వదిలేయనూవచ్చు. రెండూ ప్రమాదాలే.

న్యాయవాద వృత్తిలో ఉన్నవారికి దీని పర్యవసానం బాగా తెలుసు. మతి స్థిమితంగా లేదన్న ఒక్క కాగితంతో వీలునామా చెల్లకపోవచ్చు, ఆస్తి పంపకం తలకిందులు కావచ్చు, మనిషి తన వైద్యం గురించి తాను నిర్ణయించుకొనే హక్కే ప్రశ్నార్థకం కావచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడాన్ని కూడా చేర్చింది. అదే చట్టం 4వ సెక్షన్, నిర్ణయం తీసుకొనే సామర్థ్యాన్ని చూసేటప్పుడు సమాచారాన్ని ఆ వ్యక్తికి అర్థమయ్యే సరళమైన భాషలో చెప్పాలని నిర్దేశించింది. 'వీలైనంతవరకు' అన్న చాటు ఈ వాక్యంలో లేదు. మనం పట్టుకోవలసిన కొస ఇది.

జిప్‌మర్ సంస్థ యానాం విభాగం 90 పడకలతో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. ఇది సంతోషించదగిన విషయం. ఆ విభాగంలోనూ, ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మతిమరుపుతో వచ్చే పెద్దవారిని తెలుగులో రూపొందిన ప్రామాణిక పరీక్షలతోనే పరీక్షించాలని కోరడానికి ఇదే తగిన సమయం. కొత్తగా కనిపెట్టవలసినది ఏమీ లేదు. సాధనాలు తయారై ఉన్నాయి. కావలసింది ఆదేశం, ఆ భాషలో పరీక్ష చేయగల మనిషి.

కనుక మా కోరికలు ఇవి. యానాంలో, తెలుగువారు గణనీయంగా ఉన్న సరిహద్దు జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో డిమెన్షియా, పక్షవాత రోగుల పరీక్ష రోగి కోరిన భాషలో జరగాలి. ఏ భాషలో జరిగిందో ధ్రువపత్రంలో రాయాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన ఏర్పాట్లు చేయడాన్ని రాష్ట్రాల బాధ్యతగా చెప్పింది. ఆ ఏర్పాట్లను పొరుగు రాష్ట్ర భాషకు పోటీగా కాక, దానికి తోడుగా అమలు చేయాలి. తెలుగు విశ్వవిద్యాలయాలు సరిహద్దు తెలుగు మాండలికాల్లో ఈ పరీక్షలు ఎలా పనిచేస్తాయో పరిశీలించే పనిని చేపట్టాలి. హైదరాబాదు మాట హోసూరు అవ్వకు తెలియకపోతే మళ్ళీ అదే అన్యాయం జరుగుతుంది.

ప్రభుత్వాలు చేసేదాకా ఇళ్ళు చేయగల పని కొంత ఉంది. పిల్లలతో ఇంట్లో తెలుగులోనే మాట్లాడండి. వీధిలో వారిని తమిళమో కన్నడమో ఒడియానో నిస్సంకోచంగా మాట్లాడనివ్వండి. తాతయ్యా నాయనమ్మా ఏ రెండు నుడుల్లో బతికారో, ఆ రెండింటిలోనూ వారిని పలకరిస్తూ ఉండండి. ఇంట్లో పెద్దవారి మాటలో, నడవడిలో మార్పు కనబడితే వయసు మీద తోసేయక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. వెళ్ళినప్పుడు ప్రశ్నలు తెలుగులో అడగమని గట్టిగా అడగండి. అలా అడగడం మొండితనం కాదు, హక్కు.

డాక్టర్ సువర్ణ, ఆమె సహచరులు మన చేతికి ఇచ్చింది నినాదం కాదు, లెక్క. అది రేపటి పరిశోధనల్లో సవరణకు లోను కావచ్చు. కాని సరిహద్దు మనిషిని ఇంతకాలం రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవాడని వెక్కిరించినవారికి అది ఇప్పటికే తగిన జవాబు చెప్పింది. నాలుగున్నర ఏళ్ళంటే మనుమరాలి పేరు మరిచిపోకుండా పిలవగల నాలుగున్నర ఏళ్ళు. ఆ కాలాన్ని మన పెద్దలకు దక్కించగల ఆస్తిని చేతిలో ఉంచుకొని, బరువని పారవేయడం తెలివైన పని కాదు.